‘శ్రీను’కు ఎన్ని గళ్లు?

పైథాన్ మొదలుపెట్టిన పిల్లలకు ‘ఫర్’ లూప్ ఒక్కరోజులో వంటబడుతుంది. లూప్‌లో లూప్ దగ్గరే తల తిరుగుతుంది! నిజానికది టీచరుగారి మార్కుల రిజిస్టరే. పెద్ద లిస్టులో ఒక్కో విద్యార్థికీ ఒక చిన్న లిస్టు. బయటి లూప్ ఒకరిని పిలుస్తుంది. లోపలి లూప్ వాళ్ల మార్కులన్నీ చదివాకే రెండోవాళ్ల వంతు. ముగ్గురు పిల్లలు, అయిదు సబ్జెక్టులైతే లోపలి పని 15 సార్లు.

అంతా సరిగ్గానే రాసినా మార్కులు ఒకదాని కింద ఒకటి జారిపోతాయి. ఎందుకంటే ‘ప్రింట్’ తన పని అవగానే కొత్త లైనుకు వెళ్లిపోతుంది. ‘ఎండ్’ దగ్గర ఖాళీ ఇస్తే ఆగుతుంది. వరుస పూర్తయ్యాక మాత్రం ఉత్త ‘ప్రింట్’ ఒకటి ఉండాలి. అదీ బయటి లూప్‌లోనే. 7, 100 వంకరగా వస్తున్నాయా? ఒక్కో మార్కుకు అయిదు గళ్ల చోటివ్వమంటే సరి. 2016లో వచ్చిన పైథాన్ 3.6 నుంచి ‘ఎఫ్-స్ట్రింగ్’తో ఇది మరీ తేలిక.

అసలు చిక్కు పేర్లు తెలుగులో రాసినప్పుడే. ‘శ్రీను’ మన కంటికి రెండక్షరాలు. పైథాన్ లెక్కలో ఆరు! శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, కొమ్ము... యూనికోడ్‌లో వేటికవే. పేరుకు పది గళ్లు అడిగితే నాలుగే ఖాళీలు వేస్తుంది. మార్కులు పక్కకు ఒరుగుతాయి. తప్పు తమదేననుకుని మొత్తం చెరిపేసే పిల్లలూ ఉంటారు, పాపం! మార్కులు ముందు, పేరు వరుస చివర వేయిస్తే చాలు... అంకెలన్నీ బుద్ధిగా నిలువు గీతలో నిలబడతాయి.