వినైల్ షీట్ బండ కాదు: ఇంట్లో నేలను కాపాడుకోవడం ఎలా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పాత ఇళ్లకు నేల అంటే నాపబండలే. బేతంచెర్ల నుంచో, తాడిపత్రి నుంచో వచ్చిన ఆ బండలు ఎండాకాలం చల్లగా ఉంటాయి, ఎన్ని నీళ్లు పోసి కడిగినా తట్టుకుంటాయి. కానీ బండలు అరిగి, సందుల్లో సిమెంటు ఊడిపోయాక వాటిని తీయించి టైల్స్ వేయించాలంటే ఖర్చు తక్కువేం కాదు. అద్దె ఇల్లయితే ఆ మాటే ఉండదు. అందుకే రంజాన్‌కు ముందో, ఇంట్లో నిఖా కుదిరినప్పుడో చాలా కుటుంబాలు వినైల్ షీట్ తెచ్చి పరుస్తాయి. దుకాణాల్లో దీన్నే పీవీసీ కార్పెట్ అని, ప్లాస్టిక్ మ్యాట్ అని కూడా అంటారు.

చిక్కంతా ఆ తర్వాతే. బండను కడిగినట్టే వినైల్‌నూ కడుగుతారు. బండకు వాడే యాసిడే దీనికీ వాడతారు. ఏళ్ల తరబడి ఉండాల్సిన షీట్ ఏడాదికే వెలిసిపోయి, అంచులు లేచిపోతుంది.

పైపొర పోతే అంతే

పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్. 1926లో అమెరికాకు చెందిన వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మెత్తగా, వంగేలా చేసే పద్ధతి కనుక్కున్నారు. నేలకు పరిచే షీట్లు ఆ దారిలో వచ్చినవే. షీట్‌లో అడుగున మెత్తటి పొర, దాని మీద చెక్కలాగో టైల్‌లాగో అచ్చు వేసిన డిజైన్, అన్నిటికన్నా పైన రంగులేని రక్షణ పొర ఉంటాయి. ఆ పైపొర మందం మిల్లీమీటరులో కొంత భాగమే. అది గీసుకుపోతే కింద డిజైన్ చెరిగిపోతుంది, మళ్లీ రాదు. కొనేటప్పుడు షీట్ మొత్తం మందమే కాదు, పైపొర మందం ఎంతో కూడా అడగాలి.

దుమ్మే మొదటి శత్రువు

చెప్పులతో, కాళ్లతో లోపలికి వచ్చే ఇసుక, రేగడి మట్టి గరుకు కాగితంలా పనిచేస్తాయి. రోజూ మెత్తటి చీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే తడిగుడ్డ పెట్టాలి. ఊడ్వకుండా తుడిస్తే మట్టినే నేల మీద రుద్దినట్టు అవుతుంది. గడప దగ్గర పట్టా వేయాలి. అయితే అడుగున రబ్బరు ఉన్న పట్టా వద్దు. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఏం చేసినా పోవు. నూలు జంపఖానా ముక్క వేసుకుంటే చాలు.

నీళ్లు పోసి కడగొద్దు

బకెట్‌తో నీళ్లు పోస్తే అతుకుల్లోంచి, గోడ పక్క అంచుల్లోంచి కిందికి దిగుతాయి. పైగా వానాకాలంలో బండల సందుల్లోంచి కూడా చెమ్మ పైకి వస్తుంది. వినైల్ దాన్ని ఆరనివ్వదు. కింద బూజు పట్టి వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు, ఇంట్లో దాదీ, నానీలకు ఆ గాలి మంచిది కాదు. బాగా పిండిన గుడ్డతో తుడవాలి. వానల రోజుల్లో అప్పుడప్పుడు ఒక మూల ఎత్తి చూడాలి.

కొత్తగా పరిచే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఒక పాలిథిన్ ముక్కను బండ మీద నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచాలి. కింద నీటి బొట్లు కనిపిస్తే నేల ఇంకా ఆరలేదని అర్థం.

పసిపిల్లలు మూత్రం పోసినప్పుడు నీళ్లు గుమ్మరించి పాక్ చేసుకోవడం మన ఇళ్లలో అలవాటు. వినైల్ మీద ముందు పొడిగుడ్డతో మొత్తం పీల్చేసి, తర్వాత ప్రతిసారీ మంచి నీళ్లు, శుభ్రమైన గుడ్డ మార్చుకుంటూ పలుమార్లు తుడిస్తే షీట్‌కు నష్టం ఉండదు. నమాజ్ చేసే చోటు విషయంలో సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. వుజూ చేసి వచ్చే దారిలో తడి ఉంటే వెంటనే తుడవాలి. తడి వినైల్ మీద పెద్దవాళ్లు జారితే తుంటి ఎముకకే ప్రమాదం.

యాసిడ్, బ్లీచింగ్ కలిపితే ప్రాణాపాయం

బోరు నీళ్ల తెల్లమరకలకు యాసిడ్ పోస్తే వినైల్ నిగనిగ పోతుంది. బకెట్ నీళ్లలో అర కప్పు వెనిగర్ కలిపి తుడిచి, మళ్లీ మామూలు నీళ్లతో తుడిస్తే సరిపోతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. కిటికీలు మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఏ నేల మీదైనా సరే, ఆ రెండూ కలపకూడదు. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ కూడా వినైల్‌కు పడవు.

పసుపు, మెహందీ, కూర మరకలు పడిన వెంటనే సబ్బు నీళ్లతో తుడవాలి. మిగిలిపోతే వంట సోడా ముద్ద చేసి మెల్లగా రుద్దాలి. పెన్ను గీతలకు గుడ్డ మీద కొంచెం శానిటైజర్ వేసి చూడొచ్చు. ఏదైనా ముందు కనిపించని మూలలో ప్రయత్నించాలి.

వేడి, బరువు

పొయ్యి మీంచి దించిన బిర్యానీ దేగ్చీని దస్తర్‌ఖాన్ పరిచి దాని మీద పెట్టినా, పల్చటి గుడ్డ వేడిని ఆపదు. కింద షీట్ కరిగి గుండ్రటి మచ్చ పడుతుంది. చెక్క పీట తప్పనిసరి. లోబాన్ నిప్పులు, ఇస్త్రీ పెట్టె విషయంలోనూ అంతే. పీవీసీ కాలితే వచ్చే పొగ ఘాటైనది, హానికరం. అందుకే కింద కూర్చుని వండే చోట వినైల్ వేయకపోవడమే మేలు.

బీరువా, మంచం, కుట్టుమిషన్ కాళ్ల కింద వెడల్పాటి ప్లైవుడ్ ముక్కలు పెట్టాలి. జరిపేటప్పుడు ఈడ్చకుండా ఎత్తాలి. నేరుగా ఎండ పడే చోట మధ్యాహ్నం పరదా వేస్తే రంగు వెలిసిపోదు.

అంచు లేస్తే ఆ రోజే రెండు వైపులా అంటుకునే టేపు వేయాలి. పెద్దవాళ్ల కాలు తగిలి పడేది అక్కడే. కొన్నప్పుడు మిగిలిన ముక్కను పారేయొద్దు. రేపు ఎక్కడైనా చిరిగితే, షీట్ మొత్తం మార్చకుండా ఆ ముక్కతోనే అతుకు వేసుకోవచ్చు.