పదిహేడు వందల డాలర్ల మానిటర్ కొనాలా, వద్దా?

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

సింగపూర్ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఐటీ కన్సల్టెంటుని. అంటే పగలంతా వేరేవాళ్ళ కంపెనీలకు "ఇది కొనండి, అది అక్కర్లేదు" అని సలహాలు చెప్పి జీతం తీసుకుంటాను. అలాంటి సలహా నా ఇంట్లో నేనే చెప్పుకోవలసి వస్తే ఎంత కష్టమో ఈమధ్యే తెలిసింది. ఆ సంగతే ఈవేళ మీతో పంచుకుంటాను.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. ఇక్కడ ప్రైమరీ ఆరు చివర్లో పీఎస్‌ఎల్‌ఈ అనే పరీక్ష ఉంటుంది. ఏ సెకండరీ స్కూల్లో సీటు వస్తుందన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి ఆ ఏడాదంతా ఇంట్లో టీవీ కూడా గట్టిగా మోగదు. ఒకరోజు వాడు లెక్కల పుస్తకం ముందు దిగాలుగా కూర్చుని ఉంటే జాలేసి, "బాగా కష్టపడరా, అయిపోయాక నువ్వడిగింది కొంటాను" అన్నాను. అడిగింది ఇస్తాననడం ఎంత ప్రమాదమో దశరథుణ్ణి అడిగితే చెబుతాడు. నవంబరులో ఫలితాలు వచ్చాయి. వాడు తన వంతు చేసి చూపించాడు. ఆ సాయంత్రమే ఫోనులో ఒక బొమ్మ చూపించాడు: 32 అంగుళాల 4కే ఓఎల్‌ఈడీ గేమింగ్ మానిటర్, 240 హెర్ట్జ్.

శనివారం ఇద్దరం రోచోర్ దగ్గర సిమ్ లిమ్ స్క్వేర్‌కి వెళ్ళాం. లిటిల్ ఇండియాకు కూరగాయలకని వెళ్ళి అక్కడ తేలిన మగవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఒక కొట్లో ఆ మానిటర్ వెలుగుతోంది. నలుపు కాటుకలా ఉంది, రంగులు పట్టుచీరలా ఉన్నాయి. ధర 1,700 సింగపూర్ డాలర్లు. మన రూపాయల్లో లక్ష దాటిన మాట. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మాటిచ్చేటప్పుడు ధర అడగాలని తోచలేదా?"

నిజం ఒప్పుకోవాలి. ఆ మానిటర్ నాకూ కావాలనిపించింది. అందుకే ఆ రాత్రి కార్డు తీయకుండా, ఆఫీసులో చేసినట్టే ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. రాసుకున్న మొదటి ప్రశ్న: వాడి అసలు బాధేమిటి? వాడు చెప్పింది ఇది. "నాన్నా, నేను ముందే నొక్కుతున్నాను, అయినా ముందు నేనే చచ్చిపోతున్నాను. నా స్క్రీన్ లేటు." వాడాడేది వేలొరంట్. 2020లో వచ్చిన తుపాకుల ఆట. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. రెప్పపాటులో తేలిపోయే వ్యవహారం.

కాబట్టి ముందు ఈ హెర్ట్జ్ గోల ఏమిటో చూద్దాం. మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ వేస్తుందో ఆ లెక్కే హెర్ట్జ్. 60 హెర్ట్జ్ అంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు. 144 అయితే 6.9. 240 అయితే 4.2. 480 అయితే 2.1. ఇందులో తేడాలు గమనించండి. 60 నుంచి 144కి వెళితే దాదాపు పది మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళితే మూడు కూడా రావు. ఆపైన ఇంకా రెట్టింపు చేస్తే మిగిలేది రెండు. ధర మాత్రం అటువైపు పోయేకొద్దీ పెరుగుతుంది. మొదటి మెట్టు ఎక్కితే ఎవరి కంటికైనా తెలుస్తుంది. పై మెట్లు పోటీల్లో ఆడేవాళ్ళకు పనికొస్తాయేమో గానీ, హోంవర్క్ అయ్యాక గంటసేపు ఆడే కుర్రవాడికి వాటివల్ల ఒరిగేది తక్కువ.

రెండో ప్రశ్న: బొమ్మలు పంపేది ఎవరు? మానిటర్ సొంతంగా ఏమీ గీయదు, కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు పంపింది చూపిస్తుంది, అంతే. మామూలు ఫుల్ హెచ్‌డీలో తెరమీద ఉండే చుక్కలు సుమారు 20 లక్షలు. 4కేలో 83 లక్షలు. అంటే కార్డుకు నాలుగింతల పని. మావాడి కంప్యూటర్‌లో ఉన్నది 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060. వేలొరంట్ లాంటి తేలిక ఆటలను అది బాగానే లాగుతుంది. భారీ బొమ్మల ఆటలను 4కేలో సెకనుకు 240 ఫ్రేములు లాగడం దానివల్ల కాని పని. అందుకు కార్డు మార్చాలి. ఆ స్థాయి కార్డు ధర మానిటర్ ధరకేమీ తీసిపోదు. ఏనుగును కొనడంతో అయిపోదు, దాన్ని మేపాలి కదా.

మూడో ప్రశ్న: దాన్ని ఇంకెవరు వాడతారు? మా ఇంట్లో బల్ల ఒకటే, మానిటర్ ఒకటే. పగలు నేను ఇంటినుంచి పనిచేసే రోజుల్లో నాది, సాయంత్రం వాడిది. ఓఎల్‌ఈడీ అందం అంతా ప్రతి చుక్కా తనంతట తాను వెలగడంలో ఉంది. దాని బలహీనత కూడా అక్కడే. ఒకే బొమ్మ ఒకే చోట రోజూ గంటలతరబడి ఉంటే అక్కడి చుక్కలు ఎక్కువగా అరిగి, నీడలాంటి మరక మిగిలిపోవచ్చు. దాన్నే బర్న్-ఇన్ అంటారు. కొత్త మానిటర్లలో దీనికి జాగ్రత్తలు పెడుతున్నారు, కొన్ని కంపెనీలు వారంటీలో కూడా చేరుస్తున్నాయి, కొన్ని చేర్చవు. రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్ గళ్ళు, కింద కదలని టాస్క్‌బార్ పెట్టుకునే నాలాంటివాడికి అది సరైన తెర కాదు.

ఇక అసలు ప్రశ్న: ఆ లేటు ఎక్కడినుంచి వస్తోంది? ఇక్కడే నాకు కాస్త సిగ్గుచేటైన సంగతి బయటపడింది. మా పాత మానిటర్ 2020లో సర్క్యూట్ బ్రేకర్ రోజుల్లో, అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు కొన్నది. కొట్లో మిగిలింది అదే కాబట్టి తెచ్చాను. అట్ట పెట్టె మీద 144 హెర్ట్జ్ అని రాసి ఉంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే 60 దగ్గర ఉంది! కొన్ననాటినుంచీ అలాగే నడుస్తోంది. పైగా నేను తగిలించిన హెచ్‌డీఎంఐ దారిలో అది 144 దాకా వెళ్ళనే వెళ్ళదు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కావాలి. ఆ కేబుల్ పెట్టెలోనే, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఊళ్ళోవాళ్ళకు సలహాలు చెప్పే కన్సల్టెంటు ఇంటి పరిస్థితి ఇది.

అంతటితో అయిపోలేదు. ఇక్కడి హెచ్‌డీబీ ఫ్లాట్లలో, 1990ల చివరినుంచి కట్టినవాటిలో, ఇంటింటికీ ఒక చిన్న షెల్టర్ గది ఉంటుంది. యుద్ధం వస్తే తలదాచుకోవడానికి దిట్టమైన కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు. మనం అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పెట్టుకుంటాం. మా వైఫై రౌటరు హాల్లో ఉంది, కంప్యూటర్ లోపలి గదిలో ఉంది, మధ్యలో ఈ షెల్టరు. బాంబుకే జంకని గోడకు వైఫై ఒక లెక్కా? ఆట సర్వరుకు సంకేతం వెళ్ళి వచ్చే సమయాన్ని పింగ్ అంటారు. మావాడి పింగ్ ఒక క్షణం పది మిల్లీసెకన్లు, మరుక్షణం వంద. తెరలో మూడు మిల్లీసెకన్లు కూడా లేని తేడా కొనడానికి 1,700 డాలర్లు పోయబోతున్నాం, గోడ దగ్గర తొంభై పోగొట్టుకుంటున్నాం. గోడ అంచున ఒక లాన్ తీగ లాగితే పింగ్ కుదురుకుంది. ఖర్చు ఇరవై డాలర్ల లోపు.

ఇంకొకటి చెప్పాలి. వాడు వారాంతాల్లో హైదరాబాదులో ఉన్న మా అక్కయ్య కొడుకుతో కలిసి ఆడతాడు. హైదరాబాదు ఇక్కడికి సుమారు 3,300 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోను రాను లెక్కవేస్తే, తీగ తిన్నగా ఉన్నా 33 మిల్లీసెకన్లు తప్పవు. నిజం తీగలు సముద్రంలో వంకరటింకరగా పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. అంటే వాడి బావ ఓడిపోతే అది వాడి మానిటర్ తప్పు కాదు, బంగాళాఖాతం తప్పు.

ఈ లెక్కలన్నీ మావాడి ముందు పెట్టి, "నేనన్న మాట నేనన్నదే. నీకు అదే కావాలంటే రేపే తెస్తాను. ముందు ఈ మార్పులతో ఒక నెల ఆడి చూడు, తర్వాత నువ్వే చెప్పు" అన్నాను. వాడి మొహం మాడింది. "అంటే కొననని చెప్పడానికేగా ఇదంతా" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. కొనే ఉద్దేశం లేకుండా లెక్కలు చూపిస్తే అది మోసమే అవుతుంది. అందుకని 1,700 డాలర్లు వాడి పేర పక్కన పెట్టి, ఆ అంకె ఫ్రిజ్ మీద కాగితంపై రాసి అతికించాను.

నెల గడిచాక వాడే వచ్చాడు. వాడికి కావాల్సింది తన సొంత మానిటరట, నేను మీటింగ్ ముగించి లేచేదాకా నిలబడనక్కర్లేనిది. 27 అంగుళాలది, 1440పీ, 180 హెర్ట్జ్, మామూలు ఎల్‌సీడీ ఎంచుకున్నాడు. 37 లక్షల చుక్కలు. వాడి కార్డు మోయగలిగిన బరువు. ధర 370 డాలర్లు. కొన్నాక ఫ్రిజ్ మీది కాగితంలో అంకె కొట్టేసి 1,330 అని వాడే రాశాడు. "ఇది నీ బాకీ నాన్నా" అన్నాడు. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పంచాయితీ వస్తే నాలుగు పనులు చేయండి. ఒకటి, ఉన్న మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌లో నడుస్తోందో సెట్టింగ్స్‌లో చూడండి. రెండు, వైఫై తీసి తీగతో ఆడించి చూడండి. మూడు, గ్రాఫిక్స్ కార్డు నిజంగా ఎన్ని ఫ్రేములు ఇస్తోందో ఆటలోనే చూపిస్తుంది, దానికి మించిన తెర కొనకండి. నాలుగు, కొనేముందు బర్న్-ఇన్, చనిపోయిన చుక్కల సంగతి వారంటీ కాగితంలో ఏముందో చదవండి. అమెరికాలో చాలా పెద్ద దుకాణాలు కొన్ని రోజుల్లోపు తిరిగి తీసుకుంటాయి. సింగపూర్‌లో మనసు మారిందంటే తీసుకోవాలన్న నియమం లేదు. అయితే 2012 సెప్టెంబరు నుంచి లెమన్ లా ఉంది. ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది అమ్మిననాడే ఉందని భావిస్తారు, కాదని చూపించుకోవలసింది అమ్మినవాడే. కాబట్టి రసీదు జాగ్రత్త.

ఇక కళ్ళ మాట. ఎన్ని హెర్ట్జ్‌లైనా పిల్లల కళ్ళను కాపాడవు. సింగపూర్‌లో ప్రైమరీ స్కూలు ముగించే పిల్లల్లో సగానికి పైగా దూరపు చూపుకు కళ్ళద్దాలు కావలసినవారే. దానికి ఇక్కడి డాక్టర్లు చెప్పే మొదటి మాట, పిల్లల్ని బయట వెలుతురులో ఆడనివ్వమని. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఆ ఖరీదైన మానిటర్ చెడ్డదని నేను అనడం లేదు. దానికి తగిన కంప్యూటరూ, దానికి తగిన ఆటా, మిగులు డబ్బూ ఉన్నవాళ్ళు కొనుక్కుంటే అది చాలా గొప్ప వస్తువే. నేను కూడా సిమ్ లిమ్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ కొట్టు ముందు రెండు నిమిషాలు నిలబడుతున్నాను. మావాడు పక్కన ఉంటే, "నీ పీఎస్‌ఎల్‌ఈ ఎప్పుడు నాన్నా?" అని అడుగుతున్నాడు.

ఉంటాను. సెలవు.