పెట్రోలు పైకెక్కే దారి

మోటారు సైకిలుకు పెట్రోలు పంపు అనగానే మన పెద్దవాళ్ళు నవ్వుతారు. వారెరిగిన బండికి అలాంటిది లేదు. ట్యాంకు పైన, ఇంజను కింద, నడుమ ఒక కాక్, జానెడు గొట్టం. కాక్ తిప్పితే పెట్రోలు తన బరువుతో తానే కార్బ్యురేటరులోకి దిగివస్తుంది. మద్రాసులో 1955 మొదలు తయారైన బుల్లెట్టూ అంతే, మైసూరులో 1996 దాకా తయారైన జావా, యెజ్డీ బండ్లూ అంతే. ఆ రెండు ఊళ్ళకూ నడుమనున్న మన బంగారు గనుల ప్రాంతంలో ఈ బండ్ల చప్పుడు ఎరగని వీధి అరుదు.

ఇప్పుడీ ముచ్చట ఎత్తుకోవడానికి కారణం ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరికి పనికి పోయివచ్చే కుర్రవాళ్ళలో యంత్రం మీద చెయ్యి తిరిగినవాళ్ళు చాలామంది. తాతలనాటి పనితనం ఎక్కడికి పోతుంది? సెలవు దొరికితే చాలు, పాత బండి ఒకటి తెచ్చి, విప్పి, చట్రం కోసి, తమకు నచ్చిన రూపు కట్టుకుంటున్నారు. హ్యాండిలు ఎంత పొడవుగా పెట్టుకున్నా, మడ్‌గార్డు ఎంత కురచ చేసుకున్నా మాకు పేచీ లేదు. పెట్రోలు దారి మార్చేటప్పుడు మాత్రం నాలుగు మాటలు చెప్పక తప్పదు.

సొంతంగా కట్టిన బండికి పంపు అవసరం రెండు విధాలుగా వస్తుంది. అందం కోసం ట్యాంకును సీటు కిందికో, చట్రం అడుగుకో దింపినప్పుడు కార్బ్యురేటరు ట్యాంకు కంటే ఎత్తున ఉండిపోతుంది. పెట్రోలు పైకెక్కాలి, తానుగా ఎక్కదు. రెండోది ఇంజెక్షను బండి. రాయల్ ఎన్‌ఫీల్డు వారి క్లాసిక్ 500 అనే బండి 2009లో ఇంజెక్షనుతో వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 పొగ నిబంధన అమలు కావడంతో కొత్త మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ ఆ దారే పట్టాయి. వీటిలో పంపు ట్యాంకులోనే పెట్రోలులో మునిగి ఉంటుంది. సొంత ట్యాంకు చేయించుకున్నవాడు ఆ పంపును కొత్త ట్యాంకులోకి మార్చుకోవాలి, లేదా బయట వేరొకటి పెట్టుకోవాలి.

ఈ రెండు పంపులూ ఒకటి కావని ముందుగా గ్రహించాలి. జానెడు ఎత్తునుంచి దిగే పెట్రోలు ఒత్తిడి లెక్క కడితే చదరపు అంగుళానికి పావు పౌను. కార్బ్యురేటరులోని ఫ్లోటూ, నీడిలూ ఆ పాటి ఒత్తిడిని ఆపడానికే పుట్టాయి. వాటికి ఒకటిన్నర మొదలు మూడు పౌన్ల లోపు ఒత్తిడి ఇచ్చే చిన్న పంపు చాలు. ఇంజెక్షను బండికి కావలసింది మూడు బార్లు, అంటే సుమారు 43 పౌన్లు. పెట్రోలును 40 మీటర్ల ఎత్తుకు నిలబెట్టగల బలమది! పాత సామానుల అంగడిలో చవకగా దొరికిందని ఈ పెద్ద పంపును కార్బ్యురేటరుకు తగిలిస్తే నీడిలు నిలవదు. పెట్రోలు పొంగి బయట కారుతుంది, లేదా లోపలికి పోయి సిలిండరు నింపుతుంది. నిండిన సిలిండరు మీద స్టార్టరు నొక్కితే పిస్టను కదలదు, కనెక్టింగు రాడ్డు వంగుతుంది. కొంత పెట్రోలు అడుగుకు జారి ఇంజను ఆయిలులో కలిసినా ఆయిలు పలచబడి బేరింగులు పోతాయి.

పంపు ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. పంపు నెట్టడంలో గట్టిది, పీల్చడంలో బలహీనమైనది. అందుచేత దానిని ట్యాంకుకు దగ్గరగా, వీలైనంత దిగువన పెట్టి, పెట్రోలు దానిలోకి బరువుతోనే దిగేటట్టు చూడాలి. ఎత్తున పెట్టి పీల్పిస్తే ఎండాకాలంలో తంటా వస్తుంది. పీల్చేవైపు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, వేడెక్కిన పెట్రోలు అక్కడే ఆవిరి బుడగలు కడుతుంది, పంపు గాలిని మింగి ఊరకే తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోయి, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే మెకానిక్కులు ముందు కాయిలును అనుమానిస్తారు. ఒకసారి ఈ గొట్టం వైపు కూడా చూడమని మా మనవి. సైలెన్సరుకూ సిలిండరుకూ దూరంగా, రబ్బరు దిండ్ల మీద పంపును బిగిస్తే వేడీ తగలదు, అదురూ తగ్గుతుంది. పంపుకు ముందు ఒక జల్లెడ ఉండాలి. కొత్తగా చేసిన ట్యాంకులో వెల్డింగు పొట్టు ఎంత కడిగినా కొంత మిగులుతుంది.

వెల్డింగు మాట వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగుదాం. లోపలి పంపును మార్చాలంటే కొత్త ట్యాంకుకు రంధ్రం చేసి, పంపు పళ్ళెం కూర్చోవడానికి చదునైన ఇనుప వలయం అతికించాలి. కొత్త రేకుతో చేసిన ట్యాంకయితే భయం లేదు. పెట్రోలు వాడిన పాత ట్యాంకు మీద నిప్పు పెట్టేవాళ్ళను తలుచుకుంటేనే మాకు గుండె దడ. ఖాళీ ట్యాంకే కదా అంటారు. ప్రమాదమంతా ఆ ఖాళీలోనే ఉంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటాయి. సబ్బునీళ్ళతో పలుమార్లు కడిగి, ఆరనిచ్చి, అతికే చోటు తప్ప తక్కినదంతా నీళ్ళతో నింపి, మూత తీసిపెట్టి, ఆ పని తెలిసినవాడి చేతనే చేయించాలి. మందుగుండు పెట్టి రాయి పగలగొట్టిన ఊరివాళ్ళకు ఇంతకన్న విప్పి చెప్పనక్కరలేదు.

మన గనుల పంపుల సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగిన ఛాంపియన్ రీఫ్ వంటి గనుల్లో ఊరే నీటిని ఎప్పటికప్పుడు పైకి తోడాలి. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కరెంటు తెచ్చుకున్నది ఈ గనుల యంత్రాల కోసమే. పంపు ఆగితే గని మునిగేది. మూతపడ్డాక తోడేవారు లేక సొరంగాలు నీటితో నిండిపోయాయి. ఆ పంపుల దగ్గర జీవితమంతా గడిపిన పెద్దాయన ఒకరు మనవడి బండి చూడవచ్చి, తీగలన్నీ తడిమి అడిగిన ప్రశ్న మేము విన్నాం.

"ఒరే అబ్బీ, ఇది ఆగేదెప్పుడు?"

"తాళం తిప్పితే ఆగుతుంది తాతా."

"తాళం తిప్పేవాడు బండి కింద పడి ఉంటే?"

కుర్రవాడు జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే తీగలు విప్పాడు.

మారికుప్పంలో పంపు ఆగితే ప్రమాదం అని నేర్చిన మనిషికి, ఈ బుల్లి పంపు ఆగకపోతేనే ప్రమాదమని తట్టింది. కంపెనీ బండిలో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకండ్లు తిరిగి ఒత్తిడి కూర్చుకొని ఊరుకుంటుంది, ఇంజను తిరిగితేనే మళ్ళీ సాగుతుంది. బండి పడిపోతే ఒరుగుదల కనిపెట్టే పరికరం కరెంటు తెంచేస్తుంది. సొంత బండిలో బ్యాటరీనుంచి నేరుగా పంపుకు తీగ లాగితే ఇవేమీ లేవు. రోడ్డు మీద బండి పడి గొట్టం తెగినా, ఇంజను ఆగినా పంపు మాత్రం కాలుతున్న సైలెన్సరు పక్కనే పెట్రోలు చిమ్ముతూ ఉంటుంది. కింద మన పిల్లవాడు.

కాబట్టి తీగ నేరుగా లాగవద్దు. నడుమ ఒక రిలే, బ్యాటరీకి దగ్గరగా పంపు వాడకానికి తగిన ఫ్యూజు, ఒరుగుదల స్విచ్చి, చేతికి అందేచోట ఎర్ర స్విచ్చి ఒకటి ఉండాలి. ఇంజెక్షను బండి తీగల గుత్తిని మార్చకుండా వాడుకుంటే సగం పని తప్పుతుంది. ఒరుగుదల పరికరాన్ని మాత్రం కంపెనీవారు పెట్టిన దిక్కుగానే బిగించాలి. చోటు చాలలేదని అడ్డంగా తిప్పి కడితే బండి స్టార్టే కాదు, కొందరు విసిగి దానిని పీకేస్తారు. అంతకన్న తెలివితక్కువ పని లేదు.

గొట్టాల దగ్గర పిసినారితనం కూడదు. మామూలు రబ్బరు గొట్టం 43 పౌన్లకు నిలవదు. ఇంజెక్షనుకని చేసిన గొట్టం, చుట్టూ సమంగా బిగించే క్లిప్పులు కొనాలి. పైగా 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలుకు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. పాత తరహా రబ్బరు కొంత దానికి ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మరవవద్దు. అది మూసుకుపోతే ట్యాంకులో గాలి పలచబడి, ఎంత మంచి పంపయినా లాగలేదు.

చట్టం సంగతీ చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పాడైన పంపు తీసి అదే రకం వేసుకోవడం వేరు, చట్రం కోసి కొత్త బండి కట్టడం వేరు. రంపం పట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకుంటే తరువాత ఇన్సూరెన్సువారి ఎదుట నోరు మెదపలేని గతి పట్టదు.

అన్నీ బిగించాక ఇంజను స్టార్టు చేయకుండా పంపు మాత్రం తిప్పి, ఒత్తిడి గడియారం పెట్టి చూడండి. బీడీ ముట్టించేవాళ్ళను పంపేసి, మంట ఆర్పే పొడి డబ్బా పక్కనుంచుకొని, ప్రతి అతుకు కిందా తెల్ల కాగితం పట్టండి. తడి అంటకపోతే బండిని పక్కకు వాల్చి పంపు ఆగుతుందో లేదో చూడండి. ఆగితేనే రాబర్ట్‌సన్‌పేట దాకా పోయి రండి. వచ్చి, బండి వేడి మీద ఉండగానే వంగి సీటు కింద వాసన చూడండి. తెల్లవారి మరొకసారి చూడండి.