బస్సెక్కడ నున్నది?

హుజూరాబాదు బస్‌స్టాండున నిలిచిన ప్రయాణికుడు మొదట నడుగునది ఛార్జీని గూర్చి కాదు, బస్సెక్కడ నున్నదనియే. ఈ పట్టణము కరీంనగరమునకు, వరంగల్లుకు నడుమ 563వ జాతీయ రహదారిపై నున్నది. రైలెక్కవలెనన్న జమ్మికుంటకు పోవలయును. నగరమున ఆసుపత్రికో, కచేరికో, కళాశాలకో బయలుదేరినవానికి బస్సు తప్పినచో రైలు తప్పును. రైలు తప్పినచో ఆనాటి పనియే తప్పును.

నిజాము రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో హైదరాబాదు సంస్థానమున రోడ్డు రవాణాను ప్రారంభించెను. కాలక్రమమున బస్సులు వేలకు పెరిగినను, చెట్టునీడను దారి కాచు ప్రయాణికుని అవస్థ మారలేదు. 2023 ఆగస్టులో ఆర్టీసీ వెలువరించిన ‘గమ్యం’ యాప్ ఈ అవస్థకు విరుగుడుగా వచ్చినది.

ఇందలి కీలకము సులభము. బస్సులో నమర్చిన యంత్రము ఉపగ్రహముల సంకేతములను గ్రహించి తానున్న తావును లెక్కించి, సెల్‌ఫోను తరంగముల ద్వారా కేంద్రమునకు పంపును. మిగిలిన దూరమును, వేగమును బట్టి బస్సు వచ్చు వేళ ప్రయాణికునికి తెలియును. ఇందువలన దారి కురచ కాదు. వ్యర్థమగు గడియలు మిగులును. రోగిని వెంటబెట్టుకొని పోవువానికి ఆ గడియల విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే యంత్రము బస్సును చూపగలదే గాని సృష్టింపజాలదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. నిండిన బస్సు ఫోనులో కనిపించినంత మాత్రమున నెక్కుటకు చోటు దొరకదు. కండక్టరు చేతి యంత్రము స్త్రీలకిచ్చు సున్నా టిక్కెట్టును గూడ నమోదు చేయును గదా! ఏ వేళ, ఏ ఊర నెందరెక్కిరో ఆ లెక్కయే చెప్పును. దానినిబట్టి రద్దీ వేళలకు బస్సులు పెంచినప్పుడే ఈ విజ్ఞానము సార్థకమగును.

మరియొక మాట. స్మార్టుఫోను లేని వృద్ధుడును టిక్కెట్టు కొన్న ప్రయాణికుడే. బస్సు వచ్చు వేళను బస్‌స్టాండులోని పలకపై తెలుగున చూపవలయును. చదువరాని వారికై బిగ్గరగా చాటవలయును. ఎక్స్‌ప్రెస్సున పోవు ఉద్యోగి కంటె, దినమునకు రెండు మూడు మారులు మాత్రమే వచ్చు పల్లెవెలుగు కొరకు కాచు రైతునకే ఈ వార్త యెక్కువ యవసరము. నగరవాసికి ఒక బస్సు పోయిన మరియొకటి కలదు, పల్లెవానికి లేదు. కావున ఈ సౌకర్యమును నగరముతో నాపక, పల్లెబాట కొసవరకు కొనిపోవుట అధికారుల విధి; అడిగి సాధించుకొనుట ప్రజల విధి.