నీటిలో నివాసం – గాలితో ప్రాణం

తిమింగలాన్ని చేప అనడం మనలో చాలామందికి అలవాటు. కాని అది చేప కాదు. డాల్ఫిన్, పోర్పాయిస్ కూడా చేపలు కావు. ఈ మూడింటినీ శాస్త్రజ్ఞులు ‘సిటేషియా’ అనే ఒకే వర్గంలో చేర్చారు. గోవు, ఏనుగు, మానవుడు వలెనే ఇవి క్షీరదాలు. వీటికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. రక్తం వెచ్చనిది. పిల్లలను కని, పాలిచ్చి పెంచుతాయి. చేప తన తోకను కుడియెడమలకు ఆడిస్తుంది. ఇవి పైకీ క్రిందికీ ఆడిస్తాయి.

ఈ వర్గంలో సుమారు 90 జాతులున్నాయి. వీటిని రెండు శాఖలుగా విభజించారు. మొదటి శాఖకు దంతాలు లేవు. నోటిలో వ్రేలాడే బాలీన్ పలకలతో నీటిని వడగట్టి ఇవి ఆహారం సంపాదిస్తాయి. 30 మీటర్ల వరకు పెరిగే నీలి తిమింగలం ఈ శాఖలోనిదే. రెండవది దంతాలు గల శాఖ. డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు ఇందులోనివి. డాల్ఫిన్ దంతం శంకువు వలె మొనదేలి ఉంటుంది. పోర్పాయిస్ దంతం పార వలె వెడల్పుగా ఉంటుంది.

భూచర లక్షణాలు గల ఈ ప్రాణులు నీటిలోకి ఎట్లు చేరాయి? సమాధానంలో కొంత భాగం కాశ్మీరు రాళ్ళలో దొరికింది. కాలాకోట్ ప్రాంతపు శిలాజాలను పరిశీలించిన భారతీయ భూవిజ్ఞాని ఏ. రంగారావు 1971లో ‘ఇండోహ్యూస్’ అనే జంతువుకు నామకరణం చేశారు. అది సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరాల నాటి చిన్న గిట్టల జంతువు. ఆయన మరణానంతరం ఆ రాళ్ళు అమెరికా శాస్త్రజ్ఞుడు హాన్స్ థెవిస్సెన్‌కు చేరాయి. ఒక పుర్రెలోని చెవి ఎముక తిమింగలాల చెవి ఎముక వలెనే ఒక వైపు దళసరిగా ఉన్నట్లు తేలింది. 2007లో ఈ విషయం లోకానికి వెల్లడయింది.

నేలను విడిచినా ఈ జీవులు గాలిని విడువలేదు. ఆ శ్వాసయే వాటికి ప్రమాదహేతువైనది. ఊపిరి వదలినపుడు పైకెగసే తుంపరను చూచి వేటగాండ్రు వాటి జాడ కనుగొనేవారు. ఇరువదవ శతాబ్దంలో సుమారు 29 లక్షల తిమింగలాలు వేటకు బలి అయ్యాయి. అంతర్జాతీయ తిమింగల సంఘం 1982లో చేసిన తీర్మానం 1986 నుండి అమలులోకి వచ్చి వ్యాపార వేటను చాలవరకు అరికట్టింది. కాని వలల బాధ తీరలేదు. వలలో చిక్కిన డాల్ఫిన్ పైకి రాలేక ఊపిరాడక మరణిస్తుంది. చైనాలోని యాంగ్‌ట్సీ నదిలో 2006లో ఎంత వెదకినా ఒక్క ‘బైజీ’ డాల్ఫిన్ కానరాలేదు. మెక్సికోలో ‘వాకీటా’ అనే పోర్పాయిస్‌లు నేడు పదికి అటూ ఇటూగా మిగిలాయి.

మన గంగానదిలోనూ డాల్ఫిన్ ఉన్నది. భారత ప్రభుత్వం 2009లో దానిని జాతీయ జలచరంగా ప్రకటించింది. బిరుదు మాత్రమే దానిని కాపాడలేదు. నిర్మలమైన నీరు, వల అడ్డులేని దారి, నీటిపైకి వచ్చి ఊపిరి పీల్చుకొనే అవకాశం – ఇవి దానికి ముఖ్యావసరాలు. వీటిని సమకూర్చడం మన బాధ్యత.