మన ఊరి సెంటరు - మన మష్వరా

సత్తెనపల్లిలో ఎవరినైనా దారి అడగండి. ఐదు లాంతర్ల సెంటరో, గడియార స్తంభమో, తాలూకా సెంటరో గుర్తు చెప్పి పంపుతారు. పత్తి, మిర్చి చేతికొచ్చే కాలంలో లారీలు, ట్రాక్టర్లు, బడి విడిచే వేళ సైకిళ్ళు, ఆటోలు, రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ముందు పండ్ల బండ్లు - అన్నీ ఆ నాలుగు రోడ్లమీదే. 2011 జనాభా లెక్కల నాటికే మన ఊరి జనం యాభై వేలు దాటారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి మనం అందులోకి వచ్చాం. ఊరు పెరుగుతోంది గాని రోడ్డు పెరగలేదు. కనుక నేడో రేపో సెంటరును మార్చక తప్పదు.

మార్పు రావాలని అందరం అంటాం. అయితే ఎవరి కొట్టు వెనక్కి జరగాలి, ఎవరి బండి లేచిపోవాలి అన్న దగ్గర మాట ఆగిపోతుంది. చాలా ఊళ్ళలో జరిగేదేమిటంటే, గోడమీద కొలత గీత పడిన రోజున జనం మేల్కొంటారు. అప్పటికి పటం ఖరారై ఉంటుంది. గీత పడక ముందే మాట్లాడే దారి చట్టంలో ఉంది. ఆ దారి ఏమిటో తెలియజెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను పురపాలక సంఘాల పనుల జాబితాలో మొట్టమొదట పెట్టింది. అదే సవరణ వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే. మనలాంటి చిన్న పట్టణాన్ని అది బలవంతపెట్టలేదు. అంటే మనల్ని పిలిచి కుర్చీ వేస్తారని ఎదురుచూస్తూ కూర్చోకూడదు. మనమే వెళ్ళాలి.

వెళ్ళవలసిన మొదటి సమయం మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు. ఊరు రాబోయే ఏళ్ళలో ఎటు పెరగాలో, ఏ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో చెప్పే పటం అది. ఖరారు చేసేముందు ముసాయిదాను ప్రజల ముందు పెట్టి, గడువు చెప్పి, అభ్యంతరాలు, సలహాలు కోరతారు. పటంలో సాధారణంగా నివాస ప్రాంతం పసుపు, వ్యాపార ప్రాంతం నీలం, బడులు, ఆసుపత్రుల వంటివి ఎరుపు, పార్కులు ఆకుపచ్చ రంగుల్లో ఉంటాయి. మన వీధి ఏ రంగులో ఉందో చూడాలి. మస్జిద్, ఖబరస్తాన్, ఈద్గా ఉన్నచోట ఉన్నట్టుగా గుర్తించారా, లేక వాటిమీదుగా కొత్త రోడ్డు గీశారా అన్నది తప్పక చూడాలి. పొరపాటు కనబడితే సర్వే నంబరుతో సహా రాసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెప్పింది ఫైలులో ఉండదు. ముసాయిదా చదవడం రాకపోతే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగవచ్చు. కావలసిన కాగితాలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఒకసారి ఏడో తరగతి పిల్లలకు మేము ఒక పని ఇచ్చాం. ఇంటి నుంచి బడికి వచ్చే దారి గీసుకురమ్మన్నాం. మగపిల్లలు ఎక్కువమంది కొట్లూ, హోటళ్ళూ గీశారు. ఆడపిల్లలు రోడ్డు దాటడానికి ఎక్కడ నిలబడతారో, దీపం వెలగని సందు ఏదో గీశారు. ఒక బాబు వాళ్ళ నాన్న తోపుడు బండిని గడియార స్తంభం కన్నా పెద్దగా గీశాడు. ఎందుకురా అంటే, "మా ఇల్లు దానిమీదే నడుస్తుంది కదా సార్" అన్నాడు. కొలతలు తెలిసిన పెద్దల పటంలో ఆ బండి ఉండదు. ఆ సందులోని చీకటీ ఉండదు. అందుకే అక్కడ ఉండేవాళ్ళను అడగాలి.

ఆ బండి కోసం కూడా ఒక చట్టం ఉంది. అది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. దాని ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఏర్పడాలి. అందులో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. వారిని వ్యాపారులే ఎన్నుకోవాలి. వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులతో పాటు మైనారిటీలకు, వికలాంగులకు తగిన స్థానం ఇవ్వాలి. సర్వే జరిపి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఆ తర్వాత కదిలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. యాభై ఏళ్ళకు పైగా ఒకేచోట సాగుతున్న బజారుకు ప్రత్యేక గుర్తింపు కూడా ఉంది. ఇంకొక సంగతి మన సొసైటీ గమనించాలి. ఆ కమిటీలో స్వచ్ఛంద సంస్థలకు, స్థానిక సంఘాలకు కనీసం 10 శాతం స్థానాలున్నాయి. మనలాంటి సేవాసంస్థ అడగదగిన కుర్చీ అది.

కొట్టు అద్దెకు తీసుకున్నవారి సంగతి మరచిపోతుంటాం. రోడ్డు వెడల్పులో స్థలం పోయిన యజమానికి డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తే, ఆయన దానితో మరోచోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా అదే కొట్లో కుట్టుమిషను తొక్కిన దర్జీకి ఆ బాండు రాదు. 2013 భూసేకరణ చట్టం కింద సేకరిస్తే మాత్రం, పట్టణాల్లో మూడేళ్ళుగా అక్కడే బతుకుతెరువు సాగించి దాన్ని కోల్పోయే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. అందుచేత స్థలం ఏ పద్ధతిలో తీసుకుంటున్నారన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు భద్రపరచుకోవాలి.

జనాన్ని అడిగితే పని సాగదని కొందరంటారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989 నుంచి బస్తీల సభల్లో కూర్చుని బడ్జెట్‌లో ఏ పని ముందో జనమే చెప్పారు. కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళికలో వార్డు వార్డునా సభలు పెట్టి పనులు ఎంచుకున్నారు. అక్కడ అడగడం వల్ల పనులు ఆగిపోలేదు. మనకైతే మష్వరా కొత్త మాట కాదు. ఖురాన్‌లో ఒక సూరాకు అష్షూరా, అంటే సంప్రదింపు, అనే పేరే ఉంది. మదీనాను కాపాడిన కందకం సలహా ఇచ్చింది పరాయి దేశం నుంచి వచ్చిన సల్మాన్ ఫార్సీ. ఎక్కడివాడని చూడకుండా మాట విన్నారు.

అందుకే ఈ ఏడాది మూడు పనులు చేద్దాం. ఒకటి, జుమా తర్వాత అరగంట కూర్చుని సెంటరులోని కష్టాలు ఒక కాగితం మీద రాద్దాం. మన ఇళ్ళలోని స్త్రీలు చెప్పేది వేరుగా అడిగి అందులో చేరుద్దాం. రెండు, బండ్ల వారి పేర్లు సర్వేలో ఉన్నాయో లేదో మన చదువుకున్న పిల్లలతో సరిచూపిద్దాం. మూడు, వర్తక సంఘాన్ని, ఆటో డ్రైవర్లను, ఇతర మతాల పెద్దలను కలుపుకుని ఒకే అర్జీగా మునిసిపాలిటీకి ఇద్దాం. ఒక్క జమాత్ అడిగితే అది మన అవసరంగా కనబడుతుంది. ఊరంతా అడిగితే అది ఊరి మాట అవుతుంది.

రేపు సెంటరులో గీత పడినప్పుడు ఆ పటంలో మా విద్యార్థి నాన్నగారి బండికి కూడా చోటుండాలి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక. ఆమీన్.