కళాశిక్షణకు గ్రాంటులు: గ్రామము చేయదగిన పని

కళలకు లభించు ధనసహాయమునుగూర్చి, అందును పిల్లలకు విద్య నేర్పుటకై లభించు సహాయమునుగూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

సూళ్లూరుపేట ప్రాంతమునే తీసికొందము. కాళంగి యొడ్డున చెంగాళమ్మ కోవెల, ఆవల పులికాటు సరస్సు, దానికావల శ్రీహరికోట. పూర్వము నెల్లూరు జిల్లాలోని యీ యూరు 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లాలో చేరినది. అచ్చట ప్రభుత్వము ఫ్లెమింగో పక్షుల పండుగ నడుపుట మీరెరిగినదే. 2025 జనవరి 18 మొదలు 20 వరకు మూడు దినములు అది జరిగెను. అట్టి పండుగలయందు వేదికలపై ఆటపాటలుండును. జనులు చూచి సంతోషింతురు. కళాకారునకు కొంత సొమ్ము ముట్టును. దీనిని నేను తప్పుపట్టను. కాని పందిరి విప్పిన మరునాడు ఏ వాడలోనైనను ఒక్క కుర్రవాడు క్రొత్తగా మద్దెల పట్టుట నేర్చుచున్నాడా? చూపించుటకిచ్చు సొమ్ము వేరు, నేర్పుటకిచ్చు సొమ్ము వేరు. మనవారు మొదటిదానిని మాత్రమే అడుగుచున్నారు.

పూర్వము విద్యకు ఇనాము భూమి యుండెడిది. దాని ఫలసాయము ఏటేట వచ్చుచుండుటచే గురువు ఊరు విడువక, ఆట లేని దినములలో శిష్యులకు పాఠము చెప్పెడివాడు. 1948లో జమీందారీల రద్దు చట్టమును, 1956లో ఇనాముల రద్దు చట్టమును వచ్చినవి. రైతునకవి మేలే చేసినవి. కళాకారుని యింటిలో పొయ్యి వెలిగించు పాత యేర్పాటు మాత్రము వానితో పోయినది.

పోయినదానిని మరల నిలుపవచ్చునా యన్నచో, సూళ్లూరుపేటకు పడమటనున్న శ్రీకాళహస్తిని చూడుడు. అచ్చటి కలంకారీ పని 1950ల నాటికి దాదాపు అడుగంటినది. కరక్కాయరసమును గేదెపాలను కలిపి గుడ్డను ముంచవలెను. పాలు చాలకున్న సిరా ప్రాకిపోవును. ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టి కసిమి యను నల్లసిరా తీయవలెను. పిమ్మట వెదురుకలముతో బొమ్మ వ్రాయవలెను. పాలెంత, పులుపెంత యనునది పుస్తకము చదివినందున వచ్చునది కాదు. గురువు ప్రక్కన కూర్చుండి చేతితో నేర్వవలసినది. అఖిలభారత హస్తకళామండలిని నడిపిన శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయగారి చొరవచే ఆ దశాబ్దపు చివరిభాగమున అచ్చట శిక్షణకేంద్రము వెలసెను. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువైరి. ఆయన కుమారులు గురప్పచెట్టిగారు తామును పలువురకు నేర్పి 2008లో పద్మశ్రీ పొందిరి. ఆనాడు ప్రభుత్వము బట్టలు కొని యూరకున్నచో, ఆ ముసలివారితోనే పని ముగిసెడిది.

మన కోలాటమునకు, చెక్కభజనకు, వీధినాటకమునకు అట్టి సహాయము కలదా? కలదు. 1986లో తంజావూరున నెలకొల్పిన దక్షిణమండల సాంస్కృతిక కేంద్రమున మన రాష్ట్రమును సభ్యరాష్ట్రమే. మండలకేంద్రములు నడుపు గురుశిష్యపరంపర పథకమున, ప్రకటిత నిబంధనల ప్రకారము, గురువునకు నెలకు రూ. 7,500, వాద్యసహకారికి రూ. 3,750, శిష్యునకు రూ. 1,500 నిర్ణయింపబడినవి. శిష్యునకును సొమ్మిచ్చుటను గమనింపుడు. కూలికి పోవలసిన బీదవాని బిడ్డకు ఆ పదునైదు వందలే పాఠమునకు దారి. ఈ లెక్కలు మారుచుండును గనుక వ్రాయుటకు ముందు కేంద్రమువారిని అడిగి తెలిసికొనవలెను.

రెండవ దారి మన చేరువనే కలదు. తడ దగ్గర శ్రీసిటీలో పెద్ద కర్మాగారములున్నవి. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, ఏటికి అయిదు కోట్లు అంతకుమించి నికరలాభము గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండువంతులు లోకహితమునకు వెచ్చింపవలెను. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో సంప్రదాయకళల అభివృద్ధియు చేరియున్నది. తాము పనిచేయు పరిసరములకే మొదట ఖర్చు చేయవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. బడిగోడలకు, మంచినీటికి మనవారు అర్జీలిచ్చుచున్నారు. మద్దెల పాఠమునకు ఇచ్చినవారిని నేనింతవరకు చూడలేదు.

అయితే కంపెనీవారు ఊరూపేరూ లేని భజనబృందము చేతిలో సొమ్ము పోయరు, పోయరాదు. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఏడుగురు కూడి సంఘమును నమోదు చేయించుకొనవలెను. పిమ్మట ఆదాయపు పన్ను శాఖవద్ద నమోదు. కంపెనీల సొమ్మునకు 2021 ఏప్రిల్ 1 నుండి మరియొక ప్రత్యేక నమోదు. వీనికితోడు మూడేండ్ల పని, తనిఖీ చేసిన లెక్కలు చూపవలసివచ్చును. ఇచ్చటనే మన పల్లెలు ఆగిపోవుచున్నవి. గురువునకు పద్యము వచ్చును గాని పద్దు వ్రాయుట రాదు. రాదని యాయనను నిందించుట న్యాయము కాదు. పద్దు వ్రాయగల విశ్రాంత ఉపాధ్యాయుడో, కరణీకపు కుటుంబమువారో ప్రతి యూరను ఉన్నారు గదా.

మూడేండ్లనగా, డెబ్బదియేండ్ల గురువునకు అది స్వల్పకాలము కాదు. కాబట్టి అర్జీ సంగతి తరువాత. సంఘము నమోదు ఈ యేడే జరుగవలెను. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవునప్పుడు సంఘ నియమావళిలో ‘ప్రదర్శనలు’ అని మాత్రమే వ్రాయించక, ‘బాలబాలికలకు శిక్షణ’ యను మాటయు చేర్పింపుడు. పాఠము మొదలైన దినమునుండియే శిష్యుల హాజరుపట్టీ వ్రాసి యుంచుడు.